చీటీలూ మీటలూ

తెలుగు ఎలా టైపు చేస్తారు, ఏయే సాఫ్టువేర్లు వాడతారు, ఈ వయసులో ఇవన్నీ మీకెలా పట్టుబడ్డాయి అని మిత్రులు తరచుగా అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు వ్రాయడం కన్న ఒకచోట వ్రాసి పెట్టడం మేలని తోచింది. ముందుగా ఒక మనవి. నాకు యంత్రాల మీద ప్రత్యేకమైన మోజు లేదు. మా ఇంటి టీవీ రిమోటులో నాకు తెలిసిన మీటలు మూడే, నాలుగోది తెలుసుకోవాలన్న కుతూహలం ఇంతవరకు కలగలేదు. నేను కంప్యూటరు ముందు కూర్చున్నది ఒక పని కోసం. ఆ పని ఏమిటో చెప్పకుండా పనిముట్ల సంగతి మాత్రమే చెబితే పెండ్లికొడుకును దాచి పల్లకిని వర్ణించినట్టవుతుంది.

భాషాప్రవీణ చదువుకునే రోజుల్లో ప్రాచ్యకళాశాల గ్రంథాలయంలో మాండలిక వృత్తిపదకోశం నా చేతికి వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో, వ్యవసాయపదాలతో మొదటి సంపుటం 1962లోనూ, చేనేతపదాలతో రెండవది 1971లోనూ వెలువడినాయి. అంతవరకు నాకు నిఘంటువంటే శబ్దరత్నాకరమే. మహాకవి ప్రయోగించిన మాటకే అక్కడ పీట. అటువంటిది, నాగలి పట్టినవాడి మాటకూ, నాడె విసిరేవాడి మాటకూ అంతే మర్యాద ఇచ్చి, ఫలానా ప్రాంతంలో ఇలా అంటారు, ఫలానా చోట అలా అంటారు అని లెక్క చూపిన పుస్తకం కనిపించేసరికి తల తిరిగినంత పనయింది. ఆ తరువాత నాకు ఉద్యోగం వచ్చిన ఊరు తూర్పుగోదావరి జిల్లాలో చేనేతవారు ఎక్కువగా ఉన్న ఊరు కావడం నా అదృష్టం. తరగతిలో సగంమంది పిల్లలు మగ్గం చప్పుడు వింటూ పెరిగినవారు.

సెలవులిచ్చినప్పుడల్లా, "మీ ఇంట్లో పెద్దలు పనిలో వాడే మాటలు పది వ్రాసుకురండి" అని పురమాయించేవాడిని. వచ్చిన మాటను పట్టుకుని నేనే ఆ ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, అర్థం అడిగి, సగం పోస్టుకార్డు పరిమాణంలో కోసిన అట్టచీటీ మీద వ్రాసుకునేవాడిని. మాట, అర్థం, చెప్పిన మనిషి, ఊరు, తేదీ. ఒక చీటీకి ఒకటే మాట. "మాస్టారూ, ఇదేం చదువండీ, మా ఇంట్లో మాటలు మాకే చెబుతారా" అని నవ్వినవారూ ఉన్నారు, పని ఆపి గంటసేపు మగ్గంలోని ఒక్కొక్క భాగాన్నీ తాకి పేరు చెప్పినవారూ ఉన్నారు. ముప్పై ఏళ్ళలో నాలుగువేల పైచిలుకు చీటీలు పోగయినాయి. ఈలోగా గుంటమగ్గాలు ఒక్కటొక్కటే పూడిపోయినాయి. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వారి పిల్లలు వేరే పనులలో ఉన్నారు. ఆ చీటీలలోని కొన్ని మాటలు ఇప్పుడు ఆ చీటీలలో తప్ప మరెక్కడా లేవని నా అనుమానం. ఇదీ పని.

2003లో దగ్గరి పట్నంలోని ఒక డీటీపీ కేంద్రానికి ఆరువందల చీటీలు ఇచ్చి కూర్పు చేయించాను. అచ్చు తీసి ఇచ్చిన కాగితాలు ముచ్చటగా ఉన్నాయి. కొన్నేళ్ళకు మరికొన్ని మాటలు చేర్చవలసి వచ్చి ఆ ఫైలు అడిగితే, అతి కష్టం మీద వెదికి తెరిచారు. తెర నిండా ఆంగ్లాక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు! తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఆ సాఫ్టువేరుకు తాళంలా ఉండే చిన్న పరికరం ఏదో పోయిందట, కంప్యూటరు మార్చారట, ఫాంటు ఇప్పుడు దొరకదట. వారు చెప్పింది విని కాగితాల కట్ట పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఎందుకలా అయిందో తరువాత తెలుసుకున్నాను. ఆ రోజుల్లోని చాలా కూర్పు పద్ధతులలో కంప్యూటరు లోపల ఉన్నది తెలుగు కాదు. ఆంగ్లాక్షరానికి తెలుగు వేషం కట్టేవారు. తెర మీద కనిపించేది తెలుగు బొమ్మ, లోపల నిలిచి ఉన్నది ఏదో రోమను అక్షరమో చిహ్నమో. భాగోతంలో సత్యభామ వేషం కట్టినవాడు రంగు కడుక్కుంటే ఎవరో తెలిసినట్టు, ఫాంటు తీసేస్తే అసలు మనిషి బయటపడతాడు. పైగా ఒక్కొక్క కంపెనీవారి వేషధారణ ఒక్కొక్క తీరు. ఒకరి 'క' ఇంకొకరి దగ్గర 'థ' కావచ్చు. యూనికోడు చేసిన ఉపకారం ఇక్కడే ఉంది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గదుల పట్టిక కేటాయించారు. ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ తనదంటూ ఒక సంఖ్య. ఫాంటు మారితే అక్షరం రూపురేఖలు మారతాయి గాని, అక్షరం మారదు. తర్కశాస్త్రం చదివినవారికి వ్యక్తికీ జాతికీ ఉన్న భేదం వలె ఇది ఇట్టే తెలుస్తుంది.

అన్నట్టు, బడిపుస్తకాలు ఎప్పుడో వెళ్ళగొట్టిన అరసున్నకు ఈ పట్టికలో దక్కిన గౌరవం చూడండి. 2014లో దానికి ముందు గదిలో మరో గుర్తును చేర్చేవరకు, తెలుగు పట్టికలో మొట్టమొదటి ఆసనం అరసున్నదే. మా గురువులుంటే ఎంత సంబరపడేవారో!

లేఖినిని నేను మొదట చూసినది 2007లో. వీవెన్‌గారు 2006లో అందించిన ఆ ఉపకరణాన్ని గురించి ఇక్కడి పాతకాపులకు నేను చెప్పేదేముంది? పై గదిలో రోమను లిపిలో కొడితే క్రింది గదిలో తెలుగు అవతరిస్తుంది. స్థాపించుకోవలసినదేమీ లేదు. అప్పటి విండోసు ఎక్స్పీలో తెలుగు సరిగా కనిపించాలంటే ఎక్కడో లోపలికి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టాలి, అప్పుడది సీడీ పెట్టమని అడిగేది, ఆ సీడీ మన దగ్గర ఉండదు. ఆ గట్టు దాటాక మాత్రం లేఖిని ఒక్కటి చాలు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఖతులు దింపుకుని, వాటిలో నా చీటీలను చూసుకున్న రోజున నాకు కలిగిన ఆనందం, తొలి వేతనం అందుకున్ననాడు కూడ కలగలేదు. ముందుగా ఎక్కించినవి ఆ డీటీపీలో పోయిన ఆరువందలే.

అయినా రెండేళ్ళలో లేఖినిని వదిలి ఇన్‌స్క్రిప్టుకు మారాను. దానికి కారణం కొంత విపులంగా చెప్పాలి. రోమను లిపిలో తెలుగు కొడుతున్నప్పుడు మనసులో జరిగే పని ఒకటుంది. మాట తెలుగులో తోస్తుంది, వేళ్ళు దానిని ఇంగ్లీషు అక్షరాలుగా విడగొడతాయి, యంత్రం మళ్ళీ తెలుగుగా అతుకుతుంది. కుర్రవాళ్ళకు ఈ రెండుసార్ల ప్రయాణం తెలియదు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గుణింతాలు వ్రాయించిన నాకు మాత్రం ప్రతి మాటకూ పొరుగూరు మీదుగా ఇల్లు చేరుతున్నట్టుండేది. మగ్గాల వారి మాటలైతే మరీను. 'ఆసు', 'కండె', 'పడుగు' అన్న మాటలను రోమను అక్షరాలలో తలచుకోవడం నాకు ససేమిరా వచ్చేది కాదు.

ఇన్‌స్క్రిప్టు 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ ప్రమాణంగా తెచ్చిన అమరిక. అచ్చుల గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలామటుకు కుడిచేతికి. తెలుగులో 'క' ఏ మీట మీద ఉందో హిందీలోనూ కన్నడంలోనూ ఆ మీట మీదే ఉంటుంది. ఇవన్నీ సౌకర్యాలే. నన్ను పట్టేసినది మాత్రం పొల్లు మీట. ఎడమచేతి మధ్యవేలి క్రింద, డి అనే ఇంగ్లీషు అక్షరం ఉన్నచోట, పొల్లు కూర్చుంది. 'అక్క' అని కొట్టాలంటే అ, క, పొల్లు, క. 'స్త్రీ' అనాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి: ఆరు మీటలు. కాగితం మీద మనం ఒత్తును క్రింద వ్రాస్తాము కనుక అదేదో పై అక్షరానికి తగిలించిన ఆభరణమని పిల్లలు అనుకుంటారు. మొదటి హల్లు తన అచ్చును పోగొట్టుకుని రెండవదానితో కలిసిందని ఎన్ని తరగతులలో ఎన్నిమార్లు చెప్పానో లెక్కలేదు. సంయుక్తాక్షరపు లక్షణాన్ని ఈ మీటల పలక ప్రతి మాటలోనూ చేయించి చూపిస్తుంది. దీనిని అమర్చిన పుణ్యాత్ములెవరో వ్యాకరణం చదువుకున్నవారే అయి ఉండాలి.

రెండవ కారణం నా చేయి. 2014 ప్రాంతంలో కుడిచేతికి వణుకు మొదలయింది. వైద్యులు భయపడవలసినది కాదన్నారు, మందులిచ్చారు, వణుకు మాత్రం తనకు తోచినట్టు వస్తూ పోతూ ఉంది. 2018లో పదవీ విరమణ చేసేనాటికి నల్లబల్ల మీద నా వ్రాత నాకే చదవడం కష్టమయింది. ఒకప్పుడు ఊళ్ళో శుభలేఖలు నా చేత వ్రాయించుకునేవారు. అది పోయిన బాధను గురించి ఇక్కడ వ్రాయబూనుకోలేదు, ఎందుకంటే మీట నొక్కితే పడే అక్షరానికి వణుకు లేదు. వణికే వేలితో పెట్టినా 'క' నిండుగా, నిబ్బరంగా పడుతుంది.

అయితే రెండు చిక్కులు వచ్చాయి. షిఫ్టు మీటను ఒక చేత్తో పట్టుకుని ఇంకొకటి నొక్కాలంటే ఈలోగా చేయి జారుతుంది. ఒక మీట మీద వేలు పెడితే అది రెండుమూడుసార్లు పడుతుంది, 'నాడె' కాస్తా 'నననాడె' అవుతుంది. వీటికి మందు విండోసులో ఎప్పటినుంచో ఉందని పాత శిష్యుడొకడు చూపించాడు. షిఫ్టును వరుసగా అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అనే సదుపాయం మేలుకుంటుంది. ఆ తరువాత షిఫ్టును నొక్కి వదిలేసి, తాపీగా రెండో మీట నొక్కవచ్చు. కుడివైపు షిఫ్టును ఎనిమిది సెకండ్లు అదిమి ఉంచితే ఫిల్టర్ కీస్ వస్తుంది. వెంటవెంటనే పడిన దెబ్బలను అది లెక్కలోకి తీసుకోదు. చేతులు వణికేవారు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. ఆ పెద్దలకు ఖరీదైన ఫోను కొనిచ్చే పిల్లలు ఈ రెండు సదుపాయాలూ చూపించరు, ఎందుకంటే వారికీ తెలియవు. ఆటలాడుతున్నప్పుడు పొరపాటున తెర మీదికి వచ్చి విసిగించే ఒక ప్రశ్నగానే వారికి వీటితో పరిచయం.

ఇంకొక వింత కూడ గమనించాను. ఇన్‌స్క్రిప్టులో మహాప్రాణాలన్నీ షిఫ్టు మీద ఉన్నాయి. మన ఖ, ఘ, ఛ, ఝలు చాలావరకు సంస్కృతం నుంచి వచ్చినవి. ట, డలకు షిఫ్టు అక్కరలేదు. కాబట్టి మగ్గం మీది అచ్చతెలుగు మాటలు, పదాది అచ్చులనూ, ళ, ణలనూ మినహాయిస్తే, షిఫ్టు ముట్టకుండానే పడిపోతాయి. వణికే చేతికి సంస్కృత సమాసం కష్టం, తెలుగుమాట సులువు.

ఇక కనిపించని అక్షరం సంగతి. 'రాజ్‌కుమార్' అని కొడితే జకారం క్రింద కవత్తు వచ్చి 'రాజ్కుమార్' అయి కూర్చోవడం అందరికీ అనుభవమే. వాటిని విడదీయడానికి మధ్యలో ఒక అదృశ్యాక్షరం పెట్టాలి. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. లేఖినిలో అంకె ఆరు మీద ఉన్న టోపీ గుర్తు, విండోసు ఇన్‌స్క్రిప్టులో కంట్రోలు, షిఫ్టు పట్టుకుని రెండు. తెలుగు అజంతభాష. 'సాఫ్టువేరు' అని చివర ఉకారం చేర్చుకుంటే ఈ అదృశ్యాక్షరంతో పనే ఉండదు. నేను అలాగే వ్రాస్తాను, ఇది పండితుల చాదస్తమని కొందరంటారు. కాని ఈ కనిపించనిది మాటల మధ్య ఊరకే దూరి ఉంటే కొన్నిచోట్ల వెదుకులాటలో మాట దొరకదు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరువేరు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలుతున్నాయని పత్రికలలో వచ్చింది, జ్ఞాపకం ఉందా? ఆ అక్షరం 'జ్ఞా' కావడం ఎంత చమత్కారం! జ్ఞానం మోయలేకపోయిందని హాస్యాలు చాలా వినబడ్డాయి. నిజానికి మనం మామూలుగా వ్రాసే 'జ్ఞానము' ఏ ఫోనునూ ఏమీ చేయలేదు. జ, పొల్లు, ఞ, ఆ తరువాత ఆ అదృశ్యాక్షరం, ఆపైన దీర్ఘం: ఈ వరుసలో వస్తేనే ఆపద. హల్లుకూ దాని దీర్ఘానికీ నడుమ ఆ అక్షరానికి చోటే లేదు, అక్కడ దానికి పనీ లేదు. ఎవరి చేతిలోనో అలా పడింది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఆ లోపాన్ని యాపిల్ వారు అదే నెల 19న 11.2.6లో సవరించారు. నింద మాత్రం తెలుగు అక్షరం మీద పడింది. తప్పు చదివినవాడిని విడిచి వ్రాసినదాన్ని తిట్టడం బడిలోనూ చూసినదే.

నా చీటీలకు అన్నిటికన్న అవసరమైనవి దంత్య చకార జకారాలు. 'చలి'లోని చకారం వేరు, 'చిలుక'లోనిది వేరు. మాండలిక పదాలు సేకరించేవాడికి ఆ భేదం ప్రాణం. పాతపుస్తకాలలో తలపై చిన్న గుర్తుతో అచ్చువేసిన ౘ, ౙలకు యూనికోడులో స్థానం 2008లో వచ్చింది. అంతవరకు చీటీలలో ఉన్న భేదాన్ని నేను కుండలీకరణలలో 'దం' అని పెట్టి నిలుపుకున్నాను. ఇప్పుడు లిబ్రాఫీసులో ఆటోకరెక్టు అనే సదుపాయానికి రెండు సంకేతాలు నేర్పి, వాటి చేత వేయిస్తున్నాను. కొత్త తాళపత్ర పరిష్కర్తలకు మరో శుభవార్త: నకారపొల్లుకు కూడ 2021లో స్వతంత్ర స్థానం లభించింది. దానిని చూపగల ఖతులు కావాలనుకోండి.

వరుసక్రమం విషయంలో మాత్రం యంత్రంతో నాకు సంధి కుదరలేదు. మనం 'హ, ళ, క్ష, ఱ' అని చివర చదువుకున్నాము. యూనికోడు సంఖ్యల వరుసలో రకారం వెంటనే ఱకారం, లకారం వెంటనే ళకారం వస్తాయి. పాత భారతీయ ప్రమాణపు వరుస అది, భాషలన్నిటికీ ఒకే చట్రం కావడం వలన అలా వచ్చింది. యుక్తి ఉంది, కాదనను. అయినా నా పదకోశం నా వర్ణమాల వరుసలోనే ఉంటుంది. పట్టికలో ప్రక్కన ఒక అంకెల వరుస చేర్చి దాని ప్రకారం పేర్చుతున్నాను.

మిగిలిన ఉపకరణాలను గురించి క్లుప్తంగా. మూలప్రతి సాదా నోటుపాడు ఫైలులోనే ఉంచుతాను, యూటీఎఫ్-8 అనే పద్ధతిలో. పాత విండోసులో అది ఎంచుకోకుండా భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారేది. 2019లో విండోసు 10కు వచ్చిన నవీకరణతో నోటుపాడు దానినే స్వయంగా ఎంచుకుంటోంది. ఒక మాట నిఘంటువులలో ఉందో లేదో చూడడానికి ఆంధ్రభారతి వారి నిఘంటుశోధన. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్రం ఒక్క వెదుకుడులో తిరగవేయవచ్చు. ఇదివరకు దీనికోసం బస్సెక్కి రాజమండ్రి వెళ్ళేవాడిని.

మాట చెబితే వ్రాసిపెట్టే విద్య తెలుగుకు గూగుల్ ద్వారా 2017 ఆగస్టులో వచ్చింది. చేయి వణికేవాడికి ఇంతకన్న వరమేముంటుందని అందరూ అన్నారు. ఉత్తరాలకు వాడుతున్నాను, చక్కగా ఉంది. చీటీలకు మాత్రం వాడను. 'నాడె' అని స్పష్టంగా పలికితే 'నాడే' అని వ్రాసింది. మరో మాటు 'నేడు' అన్నది. 'ఆసు'ను 'ఆశ' చేసింది. అది చదువుకున్న తెలుగులో ఈ మాటలు అరుదు కనుక, తనకు తెలిసిన దగ్గరి మాటను తెచ్చి కూర్చోబెడుతుంది. వినయంగానే చేస్తుంది, అడుగు చప్పుడు కూడ వినబడదు. తిరిగి చదువుకోనివాడి చీటీలో 'నాడె' పోయి 'నేడు' ఉంటుంది. చెదలు తిన్న చీటీకైనా కన్నం కనబడుతుంది కదా. అందుకని ఫోనులో ధ్వనిముద్రణ మాత్రం చేసుకుంటున్నాను. మాట వారి గొంతులోనే ఉంటుంది, వ్రాత నా వేళ్ళతో నేనే వేసుకుంటాను.

ఈ రోజుకు మూడువేల రెండువందల చిల్లర మాటలు ఎక్కాయి. ప్రతి నెలా ఒక ప్రతిని పెన్‌డ్రైవులో పెట్టి మా అమ్మాయికి ఇస్తాను, మరొకటి ఈమెయిలులో పాత శిష్యుడికి వెళుతుంది, కాగితం మీద ఒకటి తీసి బీరువాలో పెడతాను. పట్టికలో 'సందేహము' అన్న వరుస ఒకటుంది. సిరా వెలిసి చదవడానికి రానివి, అర్థం సగమే వ్రాసుకున్నవి, చెప్పినవారు గతించినవి అందులో చేరతాయి. ప్రస్తుతం అరవైమూడు ఉన్నాయి. పోయిన ఆదివారం ఫోను పట్టుకుని, ఒకప్పుడు నాకు మగ్గం భాగాలన్నీ చెప్పిన పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన పోయి పదకొండేళ్ళయింది. కోడలు ఉంది, తన కాపురం తొలిరోజుల్లో కండెలు చుట్టిన మనిషి. అరవైమూడూ చదివి వినిపించాను. "ఇవి మామయ్యగారి మాటలండీ మాస్టారూ" అంటూ నాలుగింటికి అర్థం చెప్పింది. రెండింటిని అసలు వినలేదన్నది. మిగిలినవి వచ్చే వారం తన పెద్దాడబిడ్డను అడిగి చెబుతానన్నది. ఆవిడ కాకినాడలో ఉంటుందట, ఎనభై దాటాయట, చెవి సరిగా వినబడదట. నంబరు వ్రాసుకున్నాను.